నీలవ్వ సద్ది

"నాకు ఒక్కటే భయం అత్తమ్మా. మనం గుడ్డు ముట్టం, మాంసం ముట్టం. ఈ పిల్ల ఒంట్లకు బలం ఎక్కడికెళ్లి రావాలె? రేపు బడికి పోయి అక్కడ కండ్లు తిరిగి పడిపోతే?"

తార తన అత్త రాధాబాయితో ఈ మాట అన్నప్పుడు పిల్లకు పదకొండు రోజులు. బడికి పోవడానికి ఇంకా అయిదేళ్లుంది. రాధాబాయి చేటలో బియ్యం ఏరుతూ తలైనా ఎత్తలేదు.

"మీ మామ డెబ్బై ఎనిమిదేండ్లు బతికిండు. గుడ్డు తిని బతికిండా? ఊకో."

ఊకోవడం తారకు చేతకాలేదు. ఆమె నిజామాబాద్‌లో బి.ఎస్సీ. చదివింది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ప్రాణానికి ఏమేం కావాలో పుస్తకంలో చదివి పరీక్షలో రాసి వచ్చిన మనిషి. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మెడలో లింగం కట్టుకునే ఇళ్లే. గుడ్డన్న మాట వంటింట్లో వినపడడం కూడా తప్పే. అందుకే ఆమె పెళ్లిలో తెచ్చుకున్న ట్రంకు పెట్టె తెరిచి పాత పుస్తకం తీసింది. ఆహార పదార్థాల్లో ఏమేం ఎంతెంత ఉంటాయో చెప్పే పట్టిక ఒకటి వెతికి, ఒక కాగితం మీద గళ్లు గీసి ఎక్కించుకుంది. శక్తి, మాంసకృత్తులు, సున్నం. మూడు గళ్లతోనే కాగితం వెడల్పు అయిపోయింది. మిగతా గళ్లు పుస్తకంలోనే ఉండిపోయాయి.

ఆ కాగితాన్ని అన్నం ముద్దతో ఊయల పక్క గోడకు అతికించింది.

కాగితం చెప్పిన లెక్క సులువుగా ఉంది. బర్రెపాలు లీటరు తాగిస్తే నలభై గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఏడాది దాటిన పిల్లకు ఇరవై చిల్లర చాలు. అంటే పాలొక్కటి ఉంటే ఇంక దేనికీ ఫికర్ లేదు. తార గుండెల మీది బరువు దిగింది. తల్లిపాలు తగ్గిన నాటి నుంచి పొద్దున ఒక సీసా, పదింటికి ఒకటి, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు ఒకటి. పిల్ల పేరు శివలీల. ఇంట్లో లీల అంటారు. లీల బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. చూసిన వాళ్లంతా "మస్తు పెరిగింది పిల్ల" అన్నారు. తార ఆ మాటలన్నీ దాచుకుంది.

వాళ్ల ఇల్లు ఆర్మూర్‌లో, రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం వెనక. తార భర్త భూపతి ఆ దుకాణంలో గుమాస్తా. ఇంటికీ దుకాణానికీ మధ్య పెద్ద వాకిలి. మాఘమాసం దాటితే చాలు, ఉడికించి ఎండబెట్టిన పసుపు బండ్ల మీద వచ్చి ఆ వాకిట్లో కుప్పలు పడుతుంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చొని కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి మండలు ఒక దిక్కు, విరిగిన చూర ఒక దిక్కు ఏరుతారు. ఆ మూడు నెలలు ఆరేసిన బట్ట ఏదీ తెల్లగా ఉండదు. తాగే నీళ్ల మీద కూడా సన్నని పసుపు పొర తేలుతుంది. ఆడవాళ్ల చేతులు సరే, కుప్ప దగ్గర ఆడుకునే పిల్లల కాళ్లూ చేతులూ అదే రంగు. అది చాలదన్నట్టు రాధాబాయి రోజూ సాయంత్రం మనుమరాలికి శనగపిండీ పసుపూ కలిపి నలుగు పెట్టి నీళ్లు పోస్తుంది.

అందుకే లీల అరచేతులు ఏదోలా ఉన్నాయని తారకు తోచినప్పుడు, నలుగు పసుపు పోలేదేమో అనుకుంది. పిల్లకు ఏడాదిన్నర నిండింది. నడక వచ్చిన పిల్ల మళ్లీ ఎత్తుకోమని చేతులు చాపుతున్నది. నాలుగడుగులు వేస్తే కూలబడుతున్నది. ఊరికే ఏడుస్తుంది, ఊరికే పడుకుంటుంది. అన్నం నోట్లో పెడితే ఊసేస్తుంది. బలం సరిపోవడం లేదేమోనని తార ఇంకో సీసా పెంచింది.

ఆ సంవత్సరం, అంటే పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఏరే ఆడవాళ్లకు పెద్దగా నీలవ్వ వచ్చింది. ముప్కాల్ దిక్కు పల్లె ఆమెది. యాభై దాటినా నడుము వంగలేదు. మెడలో నల్లదారానికి వెండి లింగకాయ. కాలం కాని కాలంలో కూడా గోళ్ల సందుల్లో పసుపు. చేతులు వాటంతటవే ఏరుతుంటే, కళ్లు వాకిలంతా తిరుగుతుంటాయి. ఎవరు కొమ్మును మండల్లో వేసినా పది గజాల నుంచి పట్టేస్తుంది.

"ఏందే, నీ మొగడు ఉత్తరం రాసిండని కండ్లు నెత్తి మీద పెట్టినవా? కొమ్ములు పోయి మండల్ల కూసున్నయి!"

ఆ మాట పడ్డ పిల్ల మొగుడు దుబాయిలో ఉన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

మొదటి వారం గడిచాక ఒక మధ్యాహ్నం ఆడవాళ్లు సద్దులు విప్పి గోడ నీడకు కూర్చున్నారు. తార లీలను దించి బట్టలు ఆరేస్తున్నది. నీలవ్వ సద్ది గుడ్డ విప్పబోయి ఆగింది. లేచి తొట్టి దగ్గరికి పోయి సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. వచ్చి లీలను ఒళ్లో కూర్చోబెట్టుకొని, బొటనవేలితో పిల్ల కింది కనురెప్ప మెల్లగా కిందికి లాగి చూసింది. రెండో కన్ను కూడా చూసింది.

"తారవ్వా, జర ఇటు రా బిడ్డా. పిల్ల ఏం తింటది?"

"పాలు తాగుతది పెద్దమ్మా. లీటరు పైననే."

"తాగేది గాదు. తినేది అడుగుతున్న."

"అన్నం పెడితే ఊస్తది. పాలల్ల బిస్కెట్ నానబెడితే తింటది."

"గోడ గీక్కుంట తింటదా?"

తార చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. ఊయల పక్కన, తన కాగితం అతికించిన చోటికి కాస్త కిందుగా, గోడ సున్నం రాలి గుంట పడింది. తేమకు రాలుతుందేమోనని నెల రోజులుగా అనుకుంటున్నది. పిల్ల మూతికి తెల్లగా అంటితే పాలచార అనుకొని తుడిచింది.

"రక్తం లేదు బిడ్డా పిల్లకు," అన్నది నీలవ్వ. "పాలతోటి కడుపు నిండింది, ఒళ్లు నిండింది. రక్తం మాత్రం ఒడిసింది."

లోపలి నుంచి రాధాబాయి వచ్చింది. విన్నది.

"మంచిగ బొద్దుగ ఉన్న పిల్లకు దిష్టి పెడతవేందే నీలవ్వా? పసుపు ఏరేటిదానివి, డాక్టరమ్మవు ఎప్పుడైనవు?"

"పసుపు ఏరేదాన్నే అక్కా. కొమ్ము మీద ఎంత నిగనిగ మెరిసినా బేరగాడు ఇరిచి లోపల రంగు చూస్తడా లేదా? పిల్లను ఇరవరాదు గద. రెప్ప తిప్పిన."

"అరచేతులు మంచిగనే ఉన్నయి!"

"గీ వాకిట్ల అరచెయ్యి చూసి ఏం చెప్తవు? నా చెయ్యి చూడు, కామెర్లు వచ్చి నెల అయినట్టు లేదా? గోళ్లు చూసినా గంతే, కాళ్లు చూసినా గంతే. పసుపు అన్నింటినీ కప్పుతది. కంటి లోపటికి మాత్రం పోదు." తారను చెయ్యి పట్టి వంచి చూపించింది. "గిది కుంకుమ తీర్గ ఎర్రగ ఉండాలె. దీనికి ఉల్లిగడ్డ పొర లెక్కున్నది. రేపే దవాఖానకు పో."

తారకు మొదట కోపం వచ్చింది. పుస్తకం చదివిన తనకు ఈమె చెప్పేదేమిటని కాదు. తాను చూడనిది ఈమె చూసిందని. కోపం దిగేసరికి పిల్లను ఎత్తుకొని భూపతి కోసం దుకాణం దిక్కు నడిచింది.

మర్నాడు భూపతీ తారా లీలను తీసుకొని నిజామాబాద్ బస్సెక్కారు. పిల్లల డాక్టరు వేలు గుచ్చి రక్తం పరీక్షకు పంపాడు. కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు. పదకొండుకు తగ్గకుండా ఉండాలని తారకు తెలుసు. డాక్టరు ఇనుము సిరప్ రాశాడు, నులిపురుగుల మందు రాశాడు. పాలు బాగా తగ్గించమన్నాడు.

"నెల రోజులు చూద్దాం. పెరిగితే సరే. పెరగకున్నా, మధ్యలో ఆయాసం వచ్చినా రక్తం ఎక్కించాల్సి వస్తుంది. గుడ్డు పెడతారా?"

"మేం తినమండి," అన్నాడు భూపతి.

"అయితే పప్పులు, ఆకుకూరలు. పుల్లటిది ఏదన్నా కలిపి పెట్టండి," అని డాక్టరు తర్వాతి చీటీ తీసుకున్నాడు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు.

బస్సులో తార కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి రాగానే ట్రంకు పెట్టె తెరిచి పుస్తకం తీసింది. తాను ఎక్కించుకోని గళ్లలో ఇనుము ఉంది. పాల వరుసలో ఆ గడి దగ్గర దాదాపు సున్న. లీటరంతా తాగినా రెండు మిల్లీగ్రాములు. కావలసింది పన్నెండు. పైగా పాలలోని సున్నం ఉన్న ఆ కాస్త ఇనుమును కూడా ఒంట పట్టనివ్వదని రసాయనశాస్త్రం చదివిన మనిషికి ఇంకొకరు చెప్పాలా? తార గోడ మీది కాగితం చించేసింది. ఒక మూల ఊడి రాక గోడకే ఉండిపోయింది.

సాయంత్రం భూపతి పసుపు మచ్చు కట్టే కాగితం పొట్లం ఒకటి తెచ్చి వంటింటి గడపలో నిలబడి చాటుగా ఇచ్చాడు.

"గిదేందండి?"

"మెల్లగ. రెండు గుడ్లు. అమ్మకు తెల్వకుంట ఉడకబెట్టు. పిల్ల పానం కన్న ఎక్కువ ఏమున్నది?"

తార ఆ పొట్లం పట్టుకొని నిలబడ్డది. తన పానమైతే ఆలోచించకుండానే వద్దనేది. పిల్ల మెడలో లింగం కట్టి ఇంకా ఏడాది కాలేదు. ఆ రోజు పొట్లాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టింది. తెల్లారి ఆడవాళ్లు రాగానే పోయి నీలవ్వ పక్కన కూర్చుంది. దాచకుండా చెప్పింది, గుడ్ల సంగతి కూడా.

నీలవ్వ చేతులు ఆగలేదు.

"గుడ్డు పెడితే పాపమని నేననను. మీ ఇంటి సంగతి మీది. పెడితే పని అయిపోతదని గూడ అనను. పొద్దుమూకులు పాలు పోస్తుంటే గుడ్డు పోవడానికైనా కడుపుల జాగ ఉండాలె గద. ముందుగాల జాగ చెయ్యి."

"నువ్వు నీ పిల్లలకు ఏం పెట్టినవు పెద్దమ్మా? నీకు గిదంతా ఎట్ల తెలుసు?"

నీలవ్వ ఒక కొమ్మును చేతిలోకి తీసుకుంది. దాన్ని తిప్పుతూ చెప్పింది. ఆమె చెప్పిన తీరు కూడా పసుపు ఏరినట్టే, ఏ మాట ఎక్కడ పడాలో అక్కడ.

ఆమె భర్త నర్సింలు పోచంపాడు ప్రాజెక్టు పనిలో ఉండేవాడు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పాలు దొరకలేదు. తాము తిన్నదే మెత్తగా చేసి పెడితే పెరిగాడు. చిన్నపిల్ల పుట్టినప్పుడు నీలవ్వకు ఒక పటేలింట్లో బర్ల కొట్టం ఊడ్చే పని దొరికింది. పనికి కూలిగా పాలిచ్చేవాళ్లు. రోజూ చెంబెడు.

"గప్పుడు నా అంత గర్వం ఎవరికీ లేదు బిడ్డా. వాడకట్టల ఎవరి పిల్లలకూ పాలు లేవు, నా పిల్లకున్నయి. పెద్దోడు అడిగినా ఇయ్యకపోయేది. అంతా దానికే. నీ పిల్ల లెక్కనే బూరెలోలె అయింది. పొయ్యి గడ్డకు పెట్టిన మట్టి గీక్కుంట తింటుంటే పిల్లల ఆట అనుకున్న."

ఒకనాడు పిల్ల ఒళ్లోనే తల వాల్చేసింది. ఎత్తుకొని ప్రాజెక్టు క్యాంపు దవాఖానకు పరుగెత్తింది. అక్కడ సైరా అని ఒక నర్సు ఉండేది. రెప్ప తిప్పి చూసి జీపు పిలిపించింది. నిజామాబాద్‌లో నీలవ్వ తమ్ముడి రక్తం ఎక్కించారు. పిల్ల బతికింది.

"తిరిగి వచ్చినంక ఆ సైరమ్మ కాడికి పోయి ఏడ్సిన. అమ్మా, మేం మాంసం తినం, నా పిల్ల బతుకుతదా అని. ఆమె తినేదే. తినుమని నాకు ఒక్కమాట అనలేదు. నా సంకల సద్ది మూట ఉంటే, గదేంది, ఇప్పు అన్నది. ఇప్పిన. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, నువ్వుల పొడి. గప్పుడన్నది, నీలవ్వా, పిల్లకు కావలసింది నీ సద్దిల ఉన్నది, పిల్ల గిన్నెల లేదు అని."

నీలవ్వ కొమ్మును కుప్ప మీదికి విసిరింది.

"గా పిల్లకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నవీపేట్‌ల ఇచ్చిన. నాట్లేస్తే వరుసల ముందుంటది."

తార ఇంట్లోకి పోయి బియ్యం డబ్బా వెనక ఉన్న పొట్లం తీసి, భూపతి చేతికే తిరిగి ఇచ్చింది. నెల రోజుల గడువు అడిగింది. నెలకు పెరగకపోతే ఏం చేయాలో అప్పుడు నువ్వే చెప్పు, నేను కాదనను అంది. భూపతి పొట్లం జేబులో పెట్టుకొని దుకాణంలోకి పోయాడు.

ఆ నెల తేలికగా పోలేదు. ఆరు సీసాలు పొద్దున చిన్న గ్లాసు, సాయంత్రం చిన్న గ్లాసుకు దిగాయి. సీసా మాయమైంది. లీల మూడు రోజులు వాకిలి దద్దరిల్లేలా ఏడ్చింది. దుకాణానికి వచ్చిన రైతులు కూడా "ఏమైంది పిల్లకు" అని అడిగి పోయారు. మూడో రోజు తార దేవుని గూడు ముందు రాధాబాయిని పట్టుకుంది. కొంగు కింద సీసా, కొంగు పక్కన లీల.

"అత్తమ్మా!"

"పిల్ల గొంతు ఎండుతుంటే నువ్వు చూడు. నాతోని గాదు," అన్నది రాధాబాయి, తార సీసా తీసుకుంటే అడ్డుపడకుండా.

నీలవ్వకు ఇది తెలిసింది. వాకిట్లో ఏదీ ఆమెకు తెలియకుండా ఉండదు. మధ్యాహ్నం గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"రాధక్కా, పిల్లను నాకియ్యి. గీ ఒక్క పూట."

"నీ దగ్గర ఏమున్నదే, నా దగ్గర లేనిది?"

"పది మంది తినేటోళ్లున్నరు."

ఆడవాళ్లు చుట్టూ కూర్చొని సద్దులు విప్పారు. లీలను నడుమ కూర్చోబెట్టారు. ఎవరూ పిల్లకేమీ పెట్టలేదు. అలా పెట్టొద్దని నీలవ్వ ముందే చెప్పింది. రొట్టె తుంచే చప్పుడు, ఉల్లిగడ్డ కొరికే చప్పుడు, మాటలు. లీల ఒక్కొక్కరి నోటి వంకా చూసింది. కాసేపటికి పాక్కుంటూ వచ్చి నీలవ్వ మోకాలు పట్టుకొని నోరు తెరిచింది. పప్పులో నానిన రొట్టె ముక్కను నీలవ్వ వేళ్లతో మెత్తగా నలిపి పెట్టింది. పిల్ల మొహం చిట్లించింది, పుంటికూర పులుపుకు ఒళ్లు జలదరించింది, మింగింది. మళ్లీ నోరు తెరిచింది. గడపలో నిలబడ్డ రాధాబాయి, "నేను పెడితే ఊసింది, దొంగముండ" అని కొంగుతో కళ్లద్దుకుంది.

అప్పటి నుంచి మధ్యాహ్నం తిండి వాకిట్లోనే. తార రోజూ చూసి నేర్చుకుంది. చూసినదాన్ని పుస్తకంతో సరిపోల్చుకుంది. నీలవ్వ రొట్టె ఒక్కటే ఎప్పుడూ తినదు, పక్కన పప్పో, బబ్బెర్లో, ఉలవలో ఉండాలి. ధాన్యంలో తక్కువైన మాంసకృత్తి పప్పులో ఉంటుందని, పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉంటుందని తార పరీక్షలో రాసింది. ఆకుకూరలో పులుపు తప్పదు. పుంటికూర కాకపోతే చింతపండు, అదీ లేకపోతే నిమ్మకాయ. పులుపు ఇనుమును కరిగించి ఒంట పట్టిస్తుందని కూడా చదివిందే. కూర వండేది ఇనుప మూకుడులో. పెసర్లు నానబోసి మొలక వచ్చాక ఉడికిస్తుంది. పొద్దున అంబలి. పల్లీలు, నువ్వులు పిల్ల గొంతుకు అడ్డం పడకుండా మెత్తగా దంచి బెల్లంతో. చివర మజ్జిగ. పాడి వద్దని నీలవ్వ ఎప్పుడూ అనలేదు.

"పాలు మంచియే బిడ్డా. పాలే అన్నమని అనుకున్న మనమే మంచోళ్లం గాదు," అన్నది.

చాయ్ మాత్రం తిండి దగ్గరికి రానివ్వదు. తిన్నాక పొద్దు కాస్త వాలాకనే. ఎందుకని తార అడిగితే, సైరమ్మ చెప్పింది, నేను అడగలేదు, అంది. ఎందుకో తార చెప్పింది. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. నీలవ్వ విని, "గంత మంచిగ తెలిసినదానివి, ఇన్నొద్దులు ఏడ పెట్టినవే గా తెలివి?" అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. తారకు కూడా నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

రెండో వారంలో ఒక పొద్దున లీల దొడ్డికి నల్లగా పోయింది. తార సిరప్ సీసా భూపతి చేతిలో పెట్టింది. లోపల రక్తం పోతున్నదేమో, డాక్టరును అడిగి రమ్మని బస్టాండుకు తరిమింది. భూపతి సగం దారిలో సిరప్ సీసా మీది కాగితం చదివి వెనక్కి వచ్చాడు. ఇనుము మందు తాగితే అలాగే పోతుందని అందులోనే రాసుంది.

"బి.ఎస్సీ. చదివింది నువ్వా, నేనా?" అన్నాడు.

మూడో వారం నడుస్తుండగా గోడ గుంట పెరగడం ఆగింది. తార రోజూ దాని మీద వేలు పెట్టి చూసేది. కొత్తగా రాలిన సున్నం లేదు. లీల కుప్ప చుట్టూ నడిచి, కొమ్మును తీసి మండల్లో వేసి, నీలవ్వ తిట్టేదాకా నవ్వుతూ నిలబడేది. ఇంత జరిగినా తారకు నిద్ర పట్టేది కాదు. అంకె కళ్లముందుకు వస్తే తప్ప నమ్మకం కుదరని చదువు ఆమెది.

నెల నిండిన రోజు నిజామాబాద్‌లో మళ్లీ వేలు గుచ్చారు. ఎనిమిది పాయింట్ తొమ్మిది. డాక్టరు కాగితం చూసి, పిల్లను చూసి, "రక్తం అక్కర్లేదు. సిరప్ ఇంకో మూడు నెలలు ఆపకండి. గుడ్డు మొదలుపెట్టారా?" అన్నాడు. లేదని భూపతి చెప్పాడు. ఏం పెట్టారని అడిగితే తార చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు మధ్యలో కలం కింద పెట్టి మొత్తం విన్నాడు.

వాకిట్లోకి రాగానే తార అంకె చెప్పింది. నీలవ్వకు అంకెతో పని లేదు. చేతులు కడుక్కొని వచ్చి రెప్ప తిప్పింది.

"ఆఁ. పొద్దు పొడుస్తున్నది."

రాధాబాయి ముందుకొచ్చి మొహం చాపింది. "నాది గూడ చూడవే. ఇన్నేండ్లు బతికిన, ఎట్ల బతికిన్నో చూస్త."

"నీకేమక్కా, నీది దానిమ్మ గింజ."

ఆ తర్వాత భూపతిది చూసింది. బాగానే ఉంది. నవ్వుతూ నవ్వుతూ తార గడ్డం పట్టుకొని రెప్ప లాగింది. నవ్వు ఆగింది.

"బిడ్డా, నువ్వు ఎప్పుడు తింటవు?"

"నేనా? అందరి తిండ్లు అయినంక."

"గప్పటికి ఏం మిగులుతది?"

తార ఆలోచించింది. మామ ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో పద్ధతి అదే. ముందు మగవాళ్లు, తర్వాత అత్తమ్మ, అందరూ లేచాక కోడలు. పప్పు గిన్నె అడుగంటి ఉంటుంది. కూర పచ్చడంత మిగిలితే మిగిలినట్టు. అన్నం, చారు, మజ్జిగ ఎప్పుడూ మిగులుతాయి. ఆకలి తీరనట్టుంటే మీద ఒక గ్లాసు చాయ్. లీలకు ఏడాది నిండినప్పటి నుంచి అన్నం రుచి చూపించింది ఆ పళ్లెంలోంచే. పిల్ల ఊసింది చప్పటి తెల్లటి అన్నాన్ని.

అది ఆమె బయటికి చెప్పలేదు. నీలవ్వకు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. రాధాబాయి అక్కడే ఉంది. నీలవ్వ అడిగింది విన్నది, కోడలి మొహం చూసింది, లోపలికి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి పీట వాల్చిన చప్పుడు వినిపించింది.

"తారా, రా. పిల్లను గూడ తీసుకరా. పప్పు సల్లారుతున్నది."

భూపతి ఇంకా తినలేదు. అప్పటికే దుకాణంలోకి పోయాడు. తార గడపలో తడబడుతుంటే వెనక నుంచి నీలవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. రవిక మీద అయిదు వేళ్ల పసుపు అచ్చు పడింది.

"పిల్ల గిన్నెల ఏం పెడుదునా అని ఫికర్ చేయకు బిడ్డా. ముందుగాల నీ పళ్లెం చూసుకో. అండ్ల పప్పు, కూర, పులుపు ఉన్నయనుకో, అది నీ ఒళ్లె కూసోని అవే తింటది. నువ్వు మిగిలింది తింటే దానికీ మిగిలిందే. తల్లి వేడివేడిగ, నిండుగ, ముందు తినాలె. గంతే. నాకు ఇంకేం తెల్వది."

నీలవ్వ ఆ తర్వాత ఇంకో నాలుగు కాలాలు పసుపు ఏరింది. చూపు మందగించాక నవీపేట్‌లో కూతురి దగ్గరికి పోయింది. ఆ వాకిట్లో కొత్తగా వచ్చిన ఆడవాళ్లు ఇప్పటికీ తినే ముందు పిల్లల రెప్పలు తిప్పి చూస్తారు, ఎవరు నేర్పారో తెలియకపోయినా.

తారకు తొంభై మూడులో కొడుకు పుట్టాడు. ఈసారి గోడ మీద కాగితం అతికించలేదు. పాత కాగితం మూల ముక్క మాత్రం సున్నం వేసినా ఇంకా కనిపిస్తుంది. భయం పోలేదు. అది పోయేది కాదని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరు తిన్నా తినకున్నా మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె పీట వాల్చుకొని కూర్చుంటుంది. తన పళ్లెంలో ముందు పప్పు, పక్కన పుంటికూర, దాని మీద రొట్టె. పిల్లవాడు పాక్కుంటూ వచ్చి మోకాలు పట్టుకొని నోరు తెరిచేదాకా ఆమె తన తిండి తాను తింటూ ఉంటుంది.